రామదాసు పాటలు రామాయణానికి సరిపోతాయా? కంచర్ల గోపన్న జీవితం, జైలు, కీర్తన



ఈ వారం వీడియోలో మనం భద్రాచల రామదాసు కీర్తనలు విన్నాం. వీడియోలో సమయం చాలక చెప్పలేకపోయిన విషయం ఇక్కడ తీరిగ్గా మాట్లాడుకుందాం. మన వయసు వాళ్లలో చాలామందికి ఈ మధ్య ఒక మంచి అలవాటు వచ్చింది. భక్తి పాట వినగానే, ఇందులో చెప్పింది అసలు వాల్మీకి రామాయణంలో ఉందా అని అడుగుతున్నారు. ఉడుత కథ ఉందా? అహల్య రాయిగా మారిందా? దేవుణ్ణి పట్టుకుని, నీ నగలకి డబ్బు ఎవరిచ్చారు అని నిలదీయొచ్చా?

అడగడంలో తప్పు లేదు. క్రైస్తవుల్లో కూడా కొత్తగా వచ్చే వర్షిప్ పాటల సాహిత్యాన్ని బైబిల్ వాక్యం పక్కన పెట్టి చూసే పద్ధతి ఉంది. వాళ్లకి ఆ పని కొంచెం తేలిక, ఎందుకంటే కొలబద్ద ఒకే పుస్తకం. మనకి వాల్మీకం ఉంది, పురాణాలు ఉన్నాయి, తెలుగులో ద్విపద రామాయణం ఉంది, స్థలపురాణాలు ఉన్నాయి. కాబట్టి మన పరీక్ష కొంచెం జాగ్రత్తగా చెయ్యాలి. ఆ పరీక్షకి రామదాసు కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎందుకంటే ఆయన పాటలు ఏసీ గదిలో కూర్చుని రాసినవి కావు, దెబ్బలు తింటూ పాడినవి. ముందు ఆయన జీవితం చూద్దాం.

నేలకొండపల్లి కుర్రాడు

ఖమ్మం నుంచి ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో నేలకొండపల్లి ఉంది. పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న అక్కడ పుట్టారు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. తాను లింగన్న మంత్రి కొడుకునని, అత్రి గోత్రం వాడినని, కంచర్ల వంశస్థుణ్ణని దాశరథి శతకంలో ఆయనే చెప్పుకున్నారు. అంటే ఈ మనిషి కేవలం కథల్లోని పాత్ర కాదు. తన చిరునామా తనే రాసి పెట్టుకున్న మనిషి.

చిన్నప్పుడు కబీరుదాసు వచ్చి గోపన్నకి రామమంత్రం ఉపదేశించాడని ఒక కథ ఉంది. సినిమాల్లో కూడా చూశాం. కానీ కబీరు 15వ శతాబ్దం మనిషి, గోపన్న 17వ శతాబ్దం. ఇద్దరూ కలిసే వీలు లేదు. సంప్రదాయంలో ఆయన గురువుగా వినిపించే పేరు రఘునాథ భట్టాచార్యులు. మరి కబీరు కథ ఎందుకు నిలబడింది? రామనామానికి మతం గోడ అడ్డం కాదని జనం చెప్పదలుచుకున్నారు కాబట్టి. తేదీల లెక్కలో కథ నిలవదు, అది చెప్పే మాట మాత్రం నిలుస్తుంది. ఈ రెండు విషయాల్నీ విడివిడిగా చూడటం అలవాటు చేసుకుంటే ముందు ముందు చాలా పనికొస్తుంది.

అప్పుడు గోల్కొండని అబుల్ హసన్ కుతుబ్ షా ఏలుతున్నాడు. మనం తానీషా అని పిలుచుకునేది ఆయన్నే. 1672లో గద్దెనెక్కాడు. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న అనే అన్నదమ్ములు పెద్ద పదవుల్లో ఉండేవారు. వాళ్లు గోపన్నకి మేనమామలని సంప్రదాయం చెబుతుంది. వాళ్ల చలవతో గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యారు. ఉద్యోగం ఏమిటంటే శిస్తు వసూలు చేసి గోల్కొండకి పంపించడం. గోదావరి ఒడ్డు, చుట్టూ అడవి, కోయగూడేలు. భద్రాచలం ఆ పరగణా కిందికే వచ్చేది.

దమ్మక్క పందిరి

గోపన్న వచ్చేసరికే భద్రగిరి మీద రాముడున్నాడు. కానీ గుడి లేదు. పోకల దమ్మక్క అనే భక్తురాలికి స్వామి కలలో కనిపించి, తాను పుట్టలో ఉన్నానని చెప్పాడట. ఆమె గోదావరి నీళ్లు తెచ్చి పోసి పుట్ట కరిగించి, విగ్రహాలు బయటికి తీసి, పందిరి వేసి కొలుచుకుంది. గోపన్న చూసింది ఆ పందిరినే.

ఇక్కడ ఒక్కసారి ఆగండి. రామాయణంలో అడవిలో ఒంటరిగా ఎదురుచూసిన ముసలి శబరి ఉంది. ఆమె పేరు పెట్టుకున్న శబరి నది భద్రాచలానికి దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అదే గోదావరి తీరాన, అదే అడవిలో, రాముణ్ణి మొదట చూసుకున్నది మళ్లీ ఒక సామాన్య స్త్రీయే. ఇది వాల్మీకంలో ఉందా అంటే లేదు. కానీ వాల్మీకం చదివిన వాడికి ఇది కొత్త కథలా అనిపించదు.

డబ్బు ఎవరిది?

ఇప్పుడు అసలు చిక్కు ముడికి వద్దాం. గోపన్న గుడి కట్టాలనుకున్నారు. విరాళాలు పోగు చేశారు, అవి చాలలేదు. వసూలైన శిస్తు సొమ్ము గుడికి పెట్టారు. ప్రాకారం, గోపురం, మండపాలు, నగలు. సంప్రదాయం చెప్పే లెక్క ఆరు లక్షలు. గోల్కొండకి వెళ్లాల్సిన డబ్బు గోదావరి ఒడ్డున గుడిగా నిలబడింది.

దీన్ని మనం దాటేసి పోకూడదు. ఈ రోజుల్లో ఒక ఆఫీసరు ప్రభుత్వ సొమ్ముతో అనుమతి లేకుండా గుడి కడితే మనమే ప్రశ్నిస్తాం. కొన్ని కథల్లో తానీషా అనుమతి ఉందంటారు, కొన్నింటిలో తర్వాత జమ చేస్తానన్నారని చెబుతారు. ఎలా చూసినా లెక్కల్లో సొమ్ము తక్కువైంది, ఆయన మీద నేరం పడింది. గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్లు ఉన్నారని సంప్రదాయం. ఈ రోజుకీ కోటలో రామదాసు బందీఖానా చూపిస్తారు. లోపల గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి రూపాలు చెక్కి ఉంటాయి.

పూర్వజన్మలో ఒక చిలుకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టినందుకు ఈ పన్నెండేళ్ల శిక్ష అని ఒక కథ పుట్టింది. గమనించారా? భక్తుల మనసుకి కూడా ఆ జైలుకి ఒక కారణం కావాల్సి వచ్చింది. రాముడి పని చేసినవాడు ఎందుకు దెబ్బలు తినాలి అన్న ప్రశ్న వాళ్లనీ వదల్లేదు. రామదాసు మాత్రం ఆ ప్రశ్నని నేరుగా రాముడికే వేశారు. ఆయన కీర్తనల గుండెకాయ అదే.

ఉడుత, రాయి: పాట ఒకటి, మూలం ఒకటి

ఆనందభైరవి రాగంలో అందరికీ తెలిసిన పాట ఒకటుంది. శంకరాభరణం సినిమాతో 1980లో ఇంటింటికీ చేరింది. స్వామి నోటి మాట తనకి బంగారంలా కరువైపోయిందని అందులో రామదాసు బాధ. ఆ పాటలో రెండు సాక్ష్యాలు తెస్తారు. ఒకటి, ఇసుకలో పొర్లిన ఉడుత భక్తిని మెచ్చి కాపాడావు కదా అని. రెండోది, రాతిని స్త్రీగా మార్చావు కదా అని.

వాల్మీకి యుద్ధకాండలో సేతువు కట్టే ఘట్టం వివరంగా ఉంది. ఉడుత లేదు. ఉడుత కథ మన తెలుగు వాళ్లకి గోన బుద్ధారెడ్డి పేరుతో ఉన్న రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది. అది 13వ శతాబ్దపు ద్విపద కావ్యం, జనం పాడుకునే రామాయణం.

అహల్య సంగతి కూడా ఇలాగే. వాల్మీకి బాలకాండలో ఆమె రాయి కాదు. ఎవరికీ కనపడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి తపస్సు చేసుకుంటూ ఉంటుంది. రాముడు వచ్చాక ఆమె మళ్లీ అందరికీ కనిపిస్తుంది. రామలక్ష్మణులే ఆమె పాదాలకి నమస్కరిస్తారు. రాయి అయిందన్న మాట కాళిదాసు రఘువంశంలో ఉంది, తర్వాత కంబ రామాయణం లాంటి వాటిలో బాగా పెరిగింది. రామదాసు దాశరథి శతకంలో కూడా, పాదం సోకి శిల స్త్రీ కావడం ఒక వింత, నీటి మీద కొండలు తేలడం ఇంకో వింత అని చెబుతారు.

మరి రామదాసు తప్పు పాడారా? వాల్మీకంతో అక్షరం అక్షరం పోలిస్తే తేడా ఉంది. ఉన్నదాన్ని లేదని చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఆ కథల్ని దేనికి వాడారో చూడండి. రెండు చోట్లా వాదన ఒకటే: అల్పుల్ని, పడిపోయినవాళ్లని నువ్వు వదల్లేదు కదా, మరి నన్నెందుకు వదిలావు? అదే పాటలో రాముడికి శరణన్న వాళ్లని కాపాడేవాడన్న బిరుదుందని గుర్తు చేస్తారు. ఆ బిరుదు మాత్రం పూర్తిగా వాల్మీకం. యుద్ధకాండలో విభీషణుడు శరణు కోరి వస్తే, సుగ్రీవుడు వద్దంటాడు. అప్పుడు రాముడు, ఒక్కసారి నేను నీవాణ్ణని శరణన్న ఏ ప్రాణికైనా అభయం ఇవ్వడం తన వ్రతమని చెబుతాడు. రామదాసు పట్టుకున్నది ఆ వ్రతాన్ని. ఉడుత, రాయి ఆ వాదనకి దృష్టాంతాలు.

దాశరథి శతకంలో ఇంకో చోట శబరిని, గుహుణ్ణి తెస్తారు. శబరి నీకు చుట్టమా, గుహుడు నీ దాసుడి దాసుడా, వాళ్లని దయ చూశావు కదా అని అడుగుతారు. ఈ ఇద్దరూ వాల్మీకంలో ఉన్నవాళ్లే. గుహుడు అయోధ్యకాండలో, శబరి అరణ్యకాండలో. శబరి పండ్లు కొరికి రుచి చూసి ఇచ్చిందన్న మాట వాల్మీకంలో లేదు. రామదాసు ఆ పద్యంలో ఆ ఊసే ఎత్తలేదు, దయ చూశావు అన్నంత వరకే చెప్పారు.

సీతమ్మకి చెప్పుకోవడం

ఇంకో కీర్తనలో ఆయన రాముణ్ణి వదిలేసి సీతమ్మ దగ్గరికి వెళ్తారు. అమ్మా, ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి ఆయన చెవిన వెయ్యి అని వేడుకుంటారు. వినడానికి ఇంట్లో నాన్నతో పని కావాలంటే అమ్మని పట్టుకున్నట్టు ఉంటుంది. ఇది కేవలం కవి కల్పనా?

కాదు. సుందరకాండలో సీతమ్మ హనుమంతుడికి కాకాసురుడి కథ చెబుతుంది. తనని గాయపరిచిన ఆ కాకి శరణంటే రాముడు ప్రాణం తీయకుండా వదిలాడని. యుద్ధం అయ్యాక, తనని ఏడిపించిన రాక్షస స్త్రీలని చంపుతానని హనుమంతుడు అంటే ఆమే అడ్డుపడుతుంది. చివరికి రావణుడికి కూడా, రాముడితో స్నేహం చేసుకో, శరణంటే కాపాడతాడు అని చెప్పింది ఆమే. శ్రీవైష్ణవులు అమ్మవారు చేసే ఈ సిఫారసుని పురుషకారం అంటారు. అంటే రామదాసు సరదా పాటలా వినిపించే దానిలో ఒక సంప్రదాయ సిద్ధాంతం మొత్తం ఉంది.

దేవుణ్ణి తిట్టొచ్చా?

ఇప్పుడు అందరినీ ఇబ్బంది పెట్టే పాట. అందులో రామదాసు లెక్కల పుస్తకం తెరుస్తారు. ప్రాకారానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుడి బంగారు మొలతాడుకి ఇంత, లక్ష్మణుడి ముత్యాల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని వరుసగా చెబుతారు. చాలా వాటికి అంకె ఒకటే, పదేసి వేలు. రాముడి కలికితురాయి సంగతి కూడా వదల్లేదు. ఇవన్నీ పెట్టుకుని కులుకుతున్నావే, మీ నాన్న దశరథుడు ఇచ్చాడా, మామ జనకుడు పంపాడా అని నిలదీస్తారు.

ఒక తహసీల్దారు రాసిన పాట అని వెంటనే తెలిసిపోతుంది. జీవితమంతా జమాఖర్చులు రాసిన మనిషి, దెబ్బలు తింటూ దేవుడి ముందు కూడా జమాఖర్చే పెట్టాడు. కానీ చివర్లో పాట తిరుగుతుంది. తిట్టానని కోపం పెట్టుకోకు, దెబ్బలకి ఓర్వలేక నోరు జారానని వేడుకుంటారు. ఆ చివరి చరణం వదిలేసి మిగతాది మాత్రమే రీల్స్‌లో పెడితే పాట సగం పోయినట్టే.

శాస్త్రం ఏమంటుంది? దీన్ని నిందాస్తుతి అంటారు. నారద భక్తిసూత్రాల్లో కామం, క్రోధం, అభిమానం వస్తే వాటిని కూడా భగవంతుడి మీదే పెట్టమని ఉంది. వాల్మీకంలో కూడా ఉదాహరణ ఉంది. అడవికి తనని తీసుకెళ్లనన్నప్పుడు సీతమ్మ రాముడితో అన్న మాటలు చాలా కటువుగా ఉంటాయి. మగరూపంలో ఉన్న ఆడదాన్ని మా నాన్న అల్లుడిగా తెచ్చుకున్నాడా అన్నంత వరకు వెళ్తుంది. రాముడు కోప్పడలేదు, దగ్గరికి తీసుకుని వెంట రమ్మన్నాడు. పరాయివాళ్లతో మర్యాదగా మాట్లాడతాం, మనవాళ్లతోనే గొడవ పడతాం. రామదాసు గొడవ ఆ రెండో రకం.

నాలుగు చేతుల రాముడు

భద్రాచలం వెళ్లినవాళ్లకి ఇంకో సందేహం వస్తుంది. మూలవిరాట్టుకి నాలుగు చేతులు, ధనుర్బాణాలతో పాటు శంఖచక్రాలు. ఒడిలో సీతమ్మ. వాల్మీకి రాముడు రెండు చేతుల మనిషి. దీనికి జవాబు స్థలపురాణంలో ఉంది. మేరువు కొడుకైన భద్రుడు తపస్సు చేస్తే, అవతారం ముగిసిన తర్వాత స్వామి వైకుంఠం నుంచి రాముడిగా వచ్చాడు. అందుకే వైకుంఠరాముడు అంటారు. శంఖం కుడివైపు, చక్రం ఎడమవైపు ఉండటం, భక్తుడి కోసం తొందరలో వచ్చిన గుర్తని చెబుతారు. ఇది వాల్మీకి చెప్పిన కథకి విరుద్ధం కాదు. వాల్మీకి ఆపిన చోటు తర్వాత జరిగిన కథగా క్షేత్రం చెప్పుకుంటుంది. రామదాసు పాడింది ఈ రాముణ్ణే.

ఆ తర్వాత

కథ చివర అందరికీ తెలుసు. ఒక రాత్రి ఇద్దరు యువకులు రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో తానీషా దగ్గరికి వచ్చి బాకీ మొత్తం కట్టి, రసీదు తీసుకున్నారు. ఆ రసీదు రామదాసు దిండు కింద చేరింది. తెల్లారి సంగతి తెలిసి తానీషా క్షమాపణ అడిగి విడిచిపెట్టాడు. జైలు పడిన వాడికి దర్శనం కాలేదు, జైల్లో పెట్టిన వాడికి అయింది. భక్తుల కథల్లో ఇంత పదునైన మలుపు తక్కువ.

చరిత్రలో తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. 1686లో అక్కన్న, మాదన్న హత్యకి గురయ్యారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. తానీషా మిగిలిన జీవితమంతా దౌలతాబాద్ కోటలో ఖైదీగా గడిపి అక్కడే పోయాడు. రాజ్యం పోయింది, కొలువు పోయింది. ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాచలానికి ముత్యాల తలంబ్రాలు వెళ్లే ఆచారం మాత్రం తానీషా పేరుతో ముడిపడి ఈ రోజుకీ సాగుతోంది. రామదాసు చేయించిన నగలూ గుడిలో ఉన్నాయి.

ఆయన పాట తంజావూరు దాకా వెళ్లింది. త్యాగరాజస్వామి దేవగాంధారి కృతిలో, రామదాసు బంధనం తీర్చిన సంగతి విన్నానని రాముడితో అంటారు. రామదాసు శబరిని, గుహుణ్ణి సాక్ష్యంగా తెచ్చారు. వందేళ్లు దాటాక త్యాగరాజు రామదాసునే సాక్ష్యంగా తెచ్చారు. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గొంతుతో ఆ కీర్తనలు మళ్లీ ఇళ్లల్లోకి వచ్చాయి. 2006లో శ్రీరామదాసు సినిమా వచ్చింది. అందులో ఆయన కీర్తనలూ ఉన్నాయి, సినిమా కవులు రాసిన పాటలూ ఉన్నాయి. రెండింటినీ కలిపి అన్నీ రామదాసువే అనుకోవద్దు.

కొత్త పాట వింటే ఏం చూడాలి?

రామదాసు దగ్గర నేర్చుకున్నదాన్ని బట్టి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి, ఈ కథ ఎక్కడిది? వాల్మీకమా, పురాణమా, జనం రామాయణమా, లేక నిన్న ఎవరో రాసినదా? ఏదైనా సరే, దాని పేరుతో దాన్ని పిలవాలి. ఉడుత కథని వాల్మీకి చెప్పాడని అనకుండా, తెలుగు రామాయణం చెప్పిందని గర్వంగా చెప్పుకోవచ్చు.

రెండు, పాటలో కనిపించే రాముడు రామాయణంలో రాముడేనా? కథలో చిన్న తేడా వచ్చినా ఆయన గుణం మారకూడదు. శరణన్నవాణ్ణి వదలనివాడు, మాట తప్పనివాడు, గుహుణ్ణి కౌగిలించుకున్నవాడు. శ్రీరామనవమి ఊరేగింపులో డీజే పెట్టి వాయించే కొన్ని పాటల్లో పక్కవాణ్ణి భయపెట్టడమే ఉంటుంది. అందులో రాముడి పేరు వంద సార్లు వచ్చినా రాముడి గుణం ఒక్కసారీ కనపడకపోతే, ఆ పాట ఈ పరీక్షలో తప్పినట్టే.

మూడు, పాడేవాడు దేవుడి ముందు నిజం చెబుతున్నాడా? రామదాసు తన బాధ దాచలేదు, కోపం దాచలేదు, తర్వాత పశ్చాత్తాపమూ దాచలేదు. అంతా బాగుందని నటించే పాట కంటే అది ఎంతో మేలు.

పాటని శాస్త్రంతో కొలవడం మనం ఇప్పుడు చేస్తున్నాం. రామదాసు ఇంకో అడుగు వేసి, రాముణ్ణే రాముడి మాటతో కొలిచారు. శరణంటే అభయం ఇస్తానన్నావు, ఇదిగో శరణన్నాను, ఏది అభయం అని పన్నెండేళ్లు అడుగుతూనే ఉన్నారు. రామాయణం నిజమని అంత గట్టిగా నమ్మినవాడే అలా అడగగలడు.

ఈసారి భద్రాచలం వెళ్తే దర్శనం అయ్యాక ఆ నగల దగ్గర కాసేపు ఆగండి. చింతాకు పతకం చూస్తూ ఆ లెక్కల పాట చివరి చరణం దాకా వినండి. దారిలో వీలైతే నేలకొండపల్లి కూడా చూసి రండి. వచ్చే వారం దాశరథి శతకం నుంచి కొన్ని పద్యాల అర్థం చెప్పుకుందాం.

జై శ్రీరామ్.